కోక సుబ్బారావు

కోక సుబ్బారావు (జూలై 15, 1902 - మే 6, 1976) భారత సుప్రీంకోర్టు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి. ఈ పదవిని అలంకరించిన తొలి తెలుగువాడు. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని ప్రకటించిన గోలక్‌నాథ్ కేసు తీర్పుతో ప్రసిద్ధుడయ్యాడు. ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి 1967లో రాష్ట్రపతి పదవికి పోటీచేశాడు.

తొలి జీవితం

సుబ్బారావు రాజమండ్రిలో జన్మించాడు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో పట్టభద్రుడై, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం చదివాడు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశాడు. ఆ తరువాత మద్రాసులో తన భార్య సోదరుడు పి.వి.రాజమన్నార్‌తో కలిసి న్యాయవాద వృత్తి సాగించాడు.

న్యాయమూర్తిగా

1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితుడయ్యాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన పిదప 1954లో గుంటూరులో నెలకొల్పిన హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఈయనే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించగా, హైదరాబాదులోని హైకోర్టుకు కూడా తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టులో చేరాడు.

ప్రభుత్వాధికారానికి హద్దులు

కృష్ణా జిల్లా బస్సు మార్గాలను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించే పథకంపై గుళ్ళపల్లి నాగేశ్వరరావు, మరికొందరు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అభ్యంతరాలను రవాణా శాఖ కార్యదర్శి విన్నాడు; నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నాడు. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ విచారణకు అర్థం లేదనీ, వివాదంలో ఒక పక్షమైన శాఖ అధికారే విచారణ జరపడం సహజన్యాయానికి విరుద్ధమనీ సుబ్బారావు మెజారిటీ తీర్పు రాశాడు.

1962 నాటి ఖరక్ సింగ్ కేసు పోలీసు నిఘాకు సంబంధించినది. రాత్రివేళ ఇళ్ళకు వెళ్ళి తనిఖీ చేయడం చెల్లదని ధర్మాసనం తేల్చింది. కానీ ఏకాంతం ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు. సుబ్బారావు దీనితో విభేదించి, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని రాశాడు.

గోలక్‌నాథ్ కేసు

1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. పంజాబులో భూపరిమితి చట్టం వలన భూములు కోల్పోయిన గోలక్‌నాథ్ కుటుంబం వేసిన కేసును 11 మంది న్యాయమూర్తులు విచారించారు. 1967 ఫిబ్రవరి 27న, 6-5 మెజారిటీతో, రాజ్యాంగ సవరణ ద్వారా కూడా ప్రాథమిక హక్కులను తగ్గించరాదని తీర్పు వెలువడింది. అయితే గత సవరణలను రద్దుచేస్తే అప్పటికే అమలైన భూసంస్కరణలు తారుమారవుతాయి. అందుచేత ఈ సూత్రం భవిష్యత్తుకు మాత్రమే వర్తిస్తుందని సుబ్బారావు నిర్ణయించాడు.

రాష్ట్రపతి ఎన్నిక

పదవీ విరమణకు మూడు నెలలు ఉండగానే, 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల మద్దతుతో రాష్ట్రపతి ఎన్నికలో నిలిచాడు. కాంగ్రెసు అభ్యర్థి జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్లు, సుబ్బారావుకు 3,63,971 ఓట్లు లభించాయి. ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన ఆరు వారాలకే న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం విమర్శలకు గురైంది. న్యాయమూర్తి ప్రభుత్వానికి లొంగకపోతే చాలదు, ప్రతిపక్షానికీ దూరంగా ఉండాలన్నది ఆ విమర్శల సారాంశం.

అనంతర పరిణామాలు

1971లో 24వ సవరణ ద్వారా పార్లమెంటు తన అధికారాన్ని పునరుద్ధరించుకొంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో గోలక్‌నాథ్ తీర్పును సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదని నిర్ణయించింది. వెనువెంటనే ప్రభుత్వం ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించింది. ఆ ముగ్గురిలో ఒకరైన జె.ఎం.షెలత్, గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావుతో ఏకీభవించినవాడు.

అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులు కోర్టును ఆశ్రయించలేరని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి ఎనిమిది రోజులకు సుబ్బారావు మరణించాడు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తప్పుబట్టి, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు వ్యక్తం చేసిన అభిప్రాయమే సరైనదని అంగీకరించింది.