నిలకడగా నిలిచిన కాంతిపట్టీల కోసం: ఆల్బర్ట్ మైకెల్సన్

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రూపుదిద్దుకోనున్న లైగో ఇండియా పరిశోధనశాలకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. లంబకోణంలో సాగే 4 కిలోమీటర్ల పొడవైన రెండు బాహువులలో లేజర్ పుంజాలు పయనించి, తిరిగి వచ్చి కలుసుకోవడం దాని మూలసూత్రం. లేజర్ పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందే, సాధారణ దీపపు వెలుగుతో ఈ సూత్రానికి ప్రాణం పోసినవాడు అమెరికా శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్.

ఆయన 1852 డిసెంబరు 19న నాటి ప్రష్యాలోని స్ట్రెల్నో పట్టణంలో జన్మించాడు. పసితనంలోనే కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. బాల్యం పశ్చిమ ప్రాంతపు గనుల ఊళ్లలో గడిచింది. అధ్యక్షుడు గ్రాంట్ ప్రత్యేక అనుమతితో అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో చేరి 1873లో పట్టభద్రుడయ్యాడు. తర్వాత అక్కడే అధ్యాపకుడిగా ఉంటూ కాంతి వేగాన్ని కొలిచి పేరు తెచ్చుకున్నాడు.

కాంతి ప్రసారానికి ఈథర్ అనే పదార్థం ఆధారమని ఆనాటి విశ్వాసం. అదే నిజమైతే, అందులో సాగిపోయే భూమికి ఎదురుగాలి వంటిది తగలాలి. దానిని పట్టుకోవడానికి మైకెల్సన్ బెర్లిన్‌లో ఒక పరికరాన్ని సిద్ధం చేశాడు. సగం వెండిపూత గల గాజుపలక కాంతిని రెండుగా చీలుస్తుంది. అద్దాల నుంచి మరలి వచ్చిన ఆ రెండు పాయలూ కలిసినచోట చీకటి వెలుగుల పట్టీలు ఏర్పడతాయి. ఒక అద్దం మిల్లీమీటరులో పదివేలవ వంతు జరిగినా ఆ పట్టీలు స్థానం మార్చుకుంటాయి.

ఆ సున్నితత్వమే ఆయనకు శత్రువైంది. నగరపు కదలికలకు పట్టీలు వణికిపోవడంతో పగలు పని సాగలేదు. రాత్రి ప్రయత్నిస్తే, అద్దాలను బాహువుల మధ్యకు జరిపినప్పుడు మాత్రమే పట్టీలు కనిపించాయి. వాటి స్థానం కొలవాలంటే పన్నెండు గంటలు దాటాలి, అదీ అప్పుడప్పుడే వీలయ్యేది. అద్దాలను చివరలకు జరిపితే పట్టీలు దాదాపు మాయమయ్యేవి. చివరకు పరికరాన్ని పోట్స్‌డామ్ ఖగోళ పరిశోధనశాల నేలమాళిగకు తరలించాడు. అక్కడ కూడా వంద మీటర్ల దూరంలో ఎవరైనా కాలితో నేలను తన్నితే చాలు, పట్టీలు చెదిరిపోయేవి. పరికరం తిరిగే ఇరుసు బిగుతుగా ఉండటంతో ఇత్తడి బాహువులు వంగుతున్నాయని గ్రహించి, దానిని తయారీదారుకు తిప్పి పంపి సరిచేయించాడు. ఉష్ణోగ్రత తేడాలు తగలకుండా బాహువులకు కాగితపు పెట్టెలు తొడిగాడు.

ఇంత చేసినా ఈథర్ జాడ కనిపించలేదు. పైగా ఆయన గణితంలోనూ ఒక పొరపాటు బయటపడింది. రావలసిన మార్పు ఆయన లెక్కగట్టిన దానిలో సగమే. అంటే పోట్స్‌డామ్ ఫలితం దేనినీ రుజువు చేయలేదు.

1887లో క్లీవ్‌లాండ్‌లో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్లీతో కలిసి ఆయన పాత లోపాలను ఒక్కొక్కటిగా తొలగించాడు. ఒకటిన్నర మీటర్ల చదరపు రాతిపలకను పాదరసంపై తేల్చారు. అద్దాలను మూలల్లో అమర్చి, కాంతిని పదేపదే అటూ ఇటూ నడిపించి మార్గాన్ని సుమారు 11 మీటర్లకు పెంచారు. ముందు సోడియం కాంతితో పట్టీలను వెతికి, ఆ తర్వాతే తెల్లని కాంతికి మారారు. రాతిని ఆపి చూస్తే ఆ కుదుపు ప్రభావం అర నిమిషమైనా నిలిచేది. అందుకే దానిని ఆపకుండా మెల్లగా తిరగనిస్తూ, దూరదర్శినికి కన్ను ఆనించి దానితో పాటే నడుస్తూ కొలతలు తీశారు. పట్టీలు పట్టీ వెడల్పులో 0.4 వంతు జరగాలి. కనిపించినది అందులో నలభయ్యో వంతు కూడా కాదు.

ఈసారి తప్పు పరికరానిది కాదు. అయినా మైకెల్సన్ దీనిని విజయంగా భావించలేదు. ఈథర్‌పై మమకారాన్ని ఆయన పూర్తిగా వదులుకోలేకపోయాడు. 1907లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. విజ్ఞాన రంగంలో ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ ఆయనే. విచిత్రమేమంటే, ఆ బహుమతి కాంతి పరికరాలకు, వాటితో చేసిన కొలతలకు లభించింది. ఈథర్ ప్రయోగం ఊసు అందులో లేదు.

చివరి ఏళ్లలో ఆయన తొలినాటి ప్రశ్నకే మరలాడు. కాలిఫోర్నియాలో గాలి తీసివేసిన ఒక మైలు పొడవైన గొట్టంలో కాంతి వేగాన్ని కొలవసాగాడు. 1931 మే 9న పాసడీనాలో కన్నుమూసే నాటికి ఆ పరిశీలనలు ముగియలేదు. సహచరులు పీజ్, పియర్సన్ వాటిని కొనసాగించి, 1935లో మైకెల్సన్ పేరును కూడా చేర్చి ఫలితాన్ని ప్రచురించారు.