మిగిలిన ఆవిరికి పని చెప్పిన చార్లెస్ పార్సన్స్

మన కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలో కట్టెల పొయ్యికి ఆనుకొని మరియొక చిన్న పొయ్యి ఉండుట విద్యార్థులు చూచియే యుందురు. తమిళమున దానిని కొడి అడుప్పు అందురు. పెద్దపొయ్యిపై అన్నము ఉడుకుచుండగా, మిగిలిన సెగ లోపలి దారిన వచ్చి చిన్నపొయ్యిపై పప్పునో నీళ్లనో కాచును. దానికి వేరుగా కట్టె వేయనక్కరలేదు. మన తల్లులెరిగిన ఈ ఉపాయము వంటిదానినే సముద్రముమీది ఓడలలో నెలకొల్పిన చార్లెస్ పార్సన్స్ జీవితమును మేమిచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

పార్సన్స్ 1854 జూన్ 13వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి ఐర్లండులోని రాస్ ప్రభువు. తన కోట ఆవరణలోనే బ్రహ్మాండమైన దూరదర్శినిని నిర్మించిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. పార్సన్స్ బాల్యమున ఇంటివద్దనే ఉపాధ్యాయులచే విద్య నేర్చెను. పిమ్మట కేంబ్రిడ్జిలో గణితము చదివి, 1877లో పట్టము పొందెను. ప్రభువు కుమారుడైనను, న్యూకాసిల్ నగరపు యంత్రశాలలో అప్రెంటిసుగా చేరి చేతులకు మసి పూసికొనుటకు వెనుదీయలేదు.

ఆనాటి యంత్రములలో ఆవిరి ముషలకమును ముందుకు వెనుకకు నెట్టుచుండెడిది. 1884లో పార్సన్స్ వేరొక మార్గము కనిపెట్టెను. ఇరుసు చుట్టును రెక్కలను వరుసలుగా అమర్చి, ఆవిరి ఒక్కొక్క వరుసను దాటుచు తన బలమును కొంచెము కొంచెముగా ఇచ్చునట్లు చేసెను. అదియే ఆవిరి టర్బైను. మొదటి యంత్రము నిమిషమునకు 18,000 చుట్లు తిరిగెను. అయితే 1889లో భాగస్వాములను విడిచి రాగా, ఆ పేటెంటు హక్కులు వారివద్దనే నిలిచిపోయెను. తాను కనిపెట్టినదానిని తానే వాడరాని దుస్థితి! ఆయన నిరుత్సాహపడక వేరొక తీరు టర్బైనును నిర్మించుచు, 1894లో తిరిగి హక్కులు సంపాదించెను.

ఆ సంవత్సరమే టర్బీనియా అను చిన్న ఓడను నీట దింపెను. మొదట అది ఆశించిన వేగమును అందుకొనలేదు. ప్రొపెల్లరు మితిమీరిన వేగముతో తిరుగుటచే నీటిలో బుడగలు పుట్టి పట్టు తప్పుచుండెను. పార్సన్స్ ఈ కారణమును పరీక్షించి తెలిసికొని, ఒక ఇరుసుకు బదులు మూడు ఇరుసులు పెట్టెను. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకాప్రదర్శనమున టర్బీనియా 34 నాట్ల వేగముతో, అనగా గంటకు సుమారు 63 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తి అందరిని విస్మయపరచెను.

అయినను టర్బైను వేగముగా పోవు ఓడలకే తగినది; సరుకుల ఓడలు మెల్లగా పోవునవి. వానిలోని పాతయంత్రము ఆవిరి చివరి బలమును వాడుకొనలేదు. బలము తగ్గినకొలది ఆవిరి వ్యాకోచించును. దానిని పట్టుటకు మిక్కిలి పెద్ద సిలిండరు కావలెను. అందుచే ఇంకను శక్తి గల ఆవిరిని సముద్రపు నీటితో చల్లార్చివేయుచుండిరి. పార్సన్స్ పాతయంత్రమును త్రోసివేయక, దాని వెనుక తన టర్బైనును చేర్చెను. 1908లో ఒటాకి అను ఓడలో ఇరుప్రక్కల యంత్రములు విడిచిన ఆవిరియే నడిమి ప్రొపెల్లరును త్రిప్పెను. బొగ్గు కలిసివచ్చెను. 1911 నాటి ఒలింపిక్, 1912 నాటి టైటానిక్ నౌకలలోను ఈ పద్ధతియే అవలంబించిరి.

ఆ పొదుపు విలువ మన తీరమువారు ఎరుగనిది కాదు. 1906లో వ. ఉ. చిదంబరం పిళ్ళైగారు తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ స్థాపించి కొలంబోకు ఓడలు నడిపిరి. పోటీ కంపెనీ ఛార్జీలు తగ్గించి వారిని అణచజూచెను. అట్టి పోటీలో ప్రతి బొగ్గుబస్తాయు లెక్కకు వచ్చును గదా! చెరసాల బాధలనుభవించిన పిళ్ళైగారు తరువాతి కాలమున మన కోవిల్పట్టిలోనే వకీలుగా పనిచేసిరి.

పార్సన్స్ ఏకైక కుమారుడు 1918లో యుద్ధమున మరణించెను. ఆ దుఃఖములోను ఆయన పని మానలేదు. 1931 ఫిబ్రవరి 11వ తేదీన జమైకా రేవులో ఓడమీదనే కన్ను మూసెను.

నేటి పెద్ద ఓడలు డీజిలుతో నడచుచున్నవి. వానిలోను ఇంధనపు వేడిలో దాదాపు సగము పొగతోను, చల్లార్చు నీటితోను పోవును. ఆ పొగ వేడితో నీటిని కాచి ఆవిరిచేసి, కొన్ని ఓడలలో దానిచే విద్యుత్తు సైతము పుట్టించుచున్నారు.

విద్యార్థులారా! ఈ సాయంకాలము మీ ఇంటి పొయ్యివద్ద కూర్చుండి, సెగ ఎటు పోవుచున్నదో గమనింపుడు. తల్లిదండ్రులారా! మాకు శాస్త్రము తెలియదని సంకోచింపక, ఆ చిన్నపొయ్యిని మీ బిడ్డలకు చూపుడు. పాఠము అక్కడనే ఆరంభమగునని మేము నమ్ముచున్నాము.