అవ్వ పాస్‌బుక్కులో సర్ ఎం.వి.

సెప్టెంబరు 15 వస్తే మన చిక్కబళ్ళాపురంలో విశ్వేశ్వరయ్యగారి పటానికి దండ వేస్తాం, కన్నంబాడి కట్ట గురించి ఉపన్యాసం వింటాం. ఆయన ఒక బ్యాంకు కూడా పెట్టించారని నాకు మొన్న బాగేపల్లికి పోయినప్పుడే తెలిసింది. అవ్వ ట్రంకు పెట్టెలో మైసూరు బ్యాంకు పాస్‌బుక్కు కనబడింది. చింతామణిలో ఒకరి దగ్గర చీటీ వేసి డబ్బు పోగొట్టుకున్నాక తీసిన ఖాతా అంట అది.

ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టారు. పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అచ్చం మన ఇళ్లలాగే! తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు చిన్నప్పుడే పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు కష్టపడి చదివించారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివేటప్పుడు పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. తర్వాత పూనాలో ఇంజనీరింగు, బొంబాయి సర్కారులో ఉద్యోగం. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేస్తే నిజాం పిలిపించుకున్నది ఈయననే. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాను.

అప్పట్లో డబ్బున్నవాళ్లు కుండలో దాచేవాళ్లు, లేనివాళ్లు సాహుకారు గడప తొక్కేవాళ్లు. మరి బ్యాంకును ఎవరు నమ్ముతారు? 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ మునిగి ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి. 1913 సెప్టెంబరులో లాహోరు పీపుల్స్ బ్యాంకు మూతపడింది, దాని వెనకే ఇంకొన్ని. సరిగ్గా అలాంటప్పుడు, 1913 అక్టోబరు 2న, బెంగళూరులో బ్యాంక్ ఆఫ్ మైసూరు మొదలైంది. విశ్వేశ్వరయ్యగారు నడిపిన బ్యాంకింగ్ కమిటీ సలహా మీద, సంస్థానం అండతో పెట్టిన బ్యాంకు అది. ఇంటింటా ఊరికే పడివున్న చిన్న చిన్న మొత్తాలు ఒకచోట చేరితేనే కదా వ్యాపారాలకు, కార్ఖానాలకు అప్పు పుట్టేది! కట్ట కట్టి నీళ్లు నిలిపిన మనిషికి ఈ లెక్క తెలియకుండా ఉంటుందా?

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయన పక్షం కాదు. సర్కారు ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు వాటా కేటాయించడం ఆయనకు నచ్చలేదు. యోగ్యతే చూడాలన్నారు. 1918లో దివానుగిరీ వదిలేశారు. ఆ వాటా లేకుంటే మనలో ఎంతమందిమి ఈ కాలేజీ మెట్లెక్కేవాళ్లం?

1955లో భారతరత్న వచ్చింది. 1960లో ఆ బ్యాంకు స్టేట్ బ్యాంకుకు అనుబంధమైంది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటాక, ఆయన కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్ళిలోనే ఉంది. 2017 ఏప్రిల్ 1న బ్యాంకు పూర్తిగా స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. బెంగళూరులో మైసూరు బ్యాంక్ సర్కిల్ అనే పేరు మాత్రం మిగిలింది.

మా అవ్వ నోట్లో కూడా మిగిలింది. కొత్త పుస్తకం ఇచ్చినా, మైసూరు బ్యాంకుకు పోయొస్తాననే అంటుంది. తాత ఉన్నన్నాళ్లూ ఆమె పేరు మీద ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. పాతది పారేద్దామంటే నా చేతిలోంచి లాక్కుని మళ్లీ ట్రంకులో పెట్టేసింది.