చోటు వెదకిన శాస్త్రజ్ఞుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జీవశాస్త్రములలో డాక్టరేటు పొందిన పిదప పరిశోధన సాగించుటకు ఒక ప్రయోగశాలలో చోటు సంపాదించుట ఎంత కష్టమో, నేడు దేశదేశములకు దరఖాస్తులు పంపుచున్న యువతీయువకులకు తెలియనిది కాదు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఔషధములను గూర్చి మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ చోటుకై ఆయన పడిన పాట్లను అంతగా తలచుకొనము.

భీమవరమున 1895 జనవరి 12న జన్మించిన సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము లభింపలేదు. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించిరి. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు, మామగారును తోడ్పడగా 1922లో బోస్టన్ నగరము చేరిరి.

హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయమున ప్రవేశము దొరకెను గాని జీతము దొరకలేదు. ఆయన పట్టము అచట వైద్యము చేయుటకు చాలదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు కొలువు. వైద్యుడై యుండి ఆ పనికి ఆయన సిగ్గుపడలేదు.

పిదప ఒట్టో ఫోలిన్ అధ్యక్షతన గల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరిరి. రక్తమూత్రములలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి లెక్కించు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. పని చిన్నదిగా తోచును; కాని ప్రపంచమందలి ప్రయోగశాలలన్నియు దానిని చేపట్టెను. ఆ పద్ధతి చేతనుండుటచేతనే 1927లో కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ బయటపడెను. అంతవరకు కండర సంకోచమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. 1929లో ఏ.టి.పి.ని వేరుచేసిరి, ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. ఇంత జరిగిన పిమ్మట 1930లో సుబ్బారావు గారికి పి.హెచ్.డి. వచ్చెను.

అసలు కష్టము అటుపిమ్మటనే. పదేండ్లు అదే శాఖలో చిన్న పదవులలో పనిచేసిరి. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము రాలేదు. ఇరువురి కృషికి వచ్చిన కీర్తిలో ఆయనకు తగిన పాలు దక్కలేదనియే మా అభిప్రాయము.

1940లో ఆయన హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ నందలి లెడర్లే ఔషధ సంస్థలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి యైరి. కంపెనీ కొలువును విద్యగా లెక్కింపని పండితులు మనలో ఇప్పటికిని కలరు! ఆ కొలువునందే ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ అను జబ్బుతో సోదరుని పోగొట్టుకొన్న ఆయనకు ఆ జబ్బునకు పనికివచ్చు ఈ మందు కేవలము రసాయనము కాదు. 1947లో ఫైలేరియాకు హెట్రజాన్ వెలువడెను. ఆయన బృందము పంపిన అమినాప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలకు తాత్కాలికముగా నైనను ఉపశమనము కలిగించెను. 1948లో ఆరియోమైసిన్ ఆయన ఆధిపత్యమున గల ప్రయోగశాలలనుండియే వచ్చెను.

ఆ యేడు ఆగస్టులో, ఏబదిమూడవ యేట, నిద్రలోనే ఆయన కన్నుమూసిరి. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు. 1922లో విడిచివచ్చిన భార్య శేషగిరి గారిని మరల చూడలేదు. మన దేశమున 1955లో ప్రారంభమైన ఫైలేరియా నివారణ కార్యక్రమమున ఆయన మందునే పంచిరి.