ఉస్తాద్ బడే గులాం అలీఖాన్

పాతబస్తీలోని దాయరా మీర్ మోమిన్ ఖబరస్తానులో హిందూస్థానీ గాయక సార్వభౌముడు బడే గులాం అలీఖాన్ శాశ్వతనిద్ర పొందుచున్నారు. 1902లో పంజాబునందలి కసూరులో జన్మించి, పాటియాలా బాణీకి వన్నె తెచ్చిన ఆయన, దేశవిభజనానంతరం పాకిస్థాను వీడి భారత పౌరసత్వం స్వీకరించినారు. 1962లో పద్మభూషణులైనారు. పక్షవాతం సోకినను, కుమారుడు మునవ్వర్ తోడుగా గానం మానలేదు. 1968 ఏప్రిల్‌లో హైదరాబాదులోనే కన్నుమూసినారు.

తీరికగా విస్తరించే ఖయాలు మూడు నిమిషాల గ్రామఫోను పలకలో ఇమడదు. ఆయన కచేరీలను సమగ్రంగా భద్రపరచినవి టేపుచుట్టలే. నేడు శబ్దరసికులు పాత టేపుయంత్రాలను బాగుచేయించుకొని మరల వినుచున్నారు. ఇది కేవలం వేడుక కాదు. చుట్ట శిథిలమైనచో ఆ కంఠానికది రెండవ మరణం. యంత్రం తిరిగినంతకాలం ఉస్తాదు జీవించియే యుందురు.