ఆలయ శిలలకు అండగా నిలిచిన పురావస్తువేత్త గులాం యాజ్దానీ



నూతన ఆలయ నిర్మాణము కంటె జీర్ణోద్ధరణ మిక్కిలి పుణ్యప్రదమని పెద్దలు చెప్పుదురు. అయితే జీర్ణమైన దానిని ఉద్ధరించుట వేరు, దానిని తొలగించి క్రొత్తది నిలుపుట వేరు. ఈ భేదమును మన ప్రాంతమున ఆచరణలో చూపిన మహనీయులు గులాం యాజ్దానీ గారు. కుంభాభిషేక శుభవేళ వారిని స్మరించుట మన కర్తవ్యము.

యాజ్దానీ గారు 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబ్బీ, పారశీక భాషలలో పండితులై, ఆ భాషల శాసనములను ప్రకటించు ‘ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా’ పత్రికకు సంపాదకత్వము వహించారు. 1914లో ఏడవ నిజాము పాలనలో హైదరాబాదు సంస్థాన పురావస్తుశాఖ ఏర్పడగా, దానికి ప్రథమ అధిపతియై 1943 వరకు సేవలందించారు.

మరమ్మతు చేయుటతోనే పని ముగియదని వారి విశ్వాసము. కట్టడమును కొలిచి పటము గీయుట, ఛాయాచిత్రములు తీయుట, శాసనములకు నకళ్లెత్తి పండితులచే చదివించుట, జరిగిన పనిని వార్షిక నివేదికలలో అచ్చువేయించుట ఆ శాఖకు నియమములైనవి. ప్రజల ధనముతో చేసిన పనికి ప్రజలకు లెక్క చెప్పవలెననుటయే ఇందలి ధర్మము.

ఇస్లాము మతస్థులైన యాజ్దానీ గారు శివాలయముల యెడ చూపిన శ్రద్ధకు పాలంపేట రామప్ప దేవాలయమే సాక్షి. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, నేడు ములుగు జిల్లాలో ఉన్న ఈ ఆలయ సముదాయముపై వారు రచించిన గ్రంథమును భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 1922లో ప్రచురించినది. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ ఆలయమును ప్రతిష్ఠించెనని తెలుపు శాసనమును కూడ వారి శాఖ తన గ్రంథమాలలో వెలువరించినది. 2021లో రామప్ప ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందుటకు శతాబ్ది ముందే ఇంతటి కృషి జరిగినది.

అజంతా నాడు నిజాము రాజ్యములోనిదే. రాలిపోవుచున్న అచటి చిత్రములను నిలుపుటకు 1920-22 నడుమ ఇటలీ నిపుణులను రప్పించారు. వారు పూసిన లక్క వార్నిషు కాలక్రమమున పసుపువారగా, దానిని తొలగించు శ్రమ తరువాతి వారిపై పడినది. సదుద్దేశముతో నిపుణులు చేసిన పనియు ఒక్కొక్కసారి హాని కలిగించవచ్చును. కావుననే తిరిగి సరిదిద్దుకొనుటకు వీలగు రీతిలోనే పని చేయవలెనని నేటి పురావస్తు సంస్థలు నియమము పెట్టుకొన్నవి. 1930 నుండి 1955 వరకు నాలుగు సంపుటములుగా యాజ్దానీ గారు వెలువరించిన అజంతా గ్రంథము ఆ చిత్రముల నాటి స్థితిని మనకు భద్రపరచినది. 1959లో పద్మభూషణ్ పురస్కారము పొందిన వారు 1962లో కీర్తిశేషులైనారు.

దాతలారా! జనగామ ప్రాంతమున పాలకుర్తి సోమేశ్వరుడు, మహబూబాబాదు ప్రాంతమున కురవి వీరభద్రుడు, భూపాలపల్లి ప్రాంతమున గణపురం కోటగుళ్లు మన పూర్వులు అప్పగించిన నిధులు. కురవిలోని పదవ శతాబ్దపు తెలుగు శాసనము వంటి రాతలు మరెన్ని ఊళ్లలో సున్నపు పూతల క్రింద దాగియున్నవో! రాతిపై రంగు వేయించుటకు, ఇసుక ధారతో శుభ్రపరచుటకు, పగుళ్లలో సిమెంటు నింపుటకు ముందు పురావస్తుశాఖ వారిని సంప్రదించండి. రాళ్లు విప్పవలసి వచ్చినచో ప్రతి రాతికి సంఖ్య వేయించి, ఛాయాచిత్రము తీయించండి. తవ్వకమున విగ్రహము బయల్పడినచో అధికారులకు తెలియజేయండి.

ఆలస్యమగునని విసుగు చెందవలదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును 2006లో విప్పగా, తిరిగి నిలిచి 2024 మార్చిలో భక్తులకు అందుబాటులోకి వచ్చినది. ఓర్పుతో చేయించిన పని తరతరములకు నిలుచును. దాత పేరు చెక్కిన క్రొత్త ఫలకము ఎంత శోభాయమానమో, దాని ప్రక్కన చెక్కుచెదరని పాత శాసనము అంతకంటె పూజనీయము. అట్టి సేవ చేయు భాగ్యమును స్వామివారు మనకందరికీ ప్రసాదించుగాక!