పట్టా లేక తిరిగి వచ్చిన విద్యార్థిని

మేము నివసించు మారేడ్‌పల్లిలో పిల్లలను పైచదువులకు సముద్రము దాటించిన తల్లిదండ్రులు అనేకులు. మన పల్లె సంఘములకును ఈ ఆశ చేరినది. పొలము తాకట్టు పెట్టి పంపువారును కలరు. పిల్లవాడు తిరిగి రాగానే పట్టా వచ్చినదా అని అడుగుటయే అందరికి అలవాటు. అందుచేత పట్టా లేక తిరిగి వచ్చిన ఒక హైదరాబాదు ఆడపిల్లను గూర్చి చెప్పదలచితిమి.

సరోజినీ నాయుడు 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయగారు బెంగాలు దేశస్థులు. వారు స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయములో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, ఆ విద్యను నైజాము రాజ్యమునకు తెచ్చి, ఇక్కడ కళాశాల నెలకొల్పిరి. నేటి నిజాం కళాశాలకు అదియే మొదలు. కుమార్తెకు గణితము నేర్పవలెనని ఆయన ఆశ. ఆమెకో, లెక్క తేలక కూర్చున్న దినమున పద్యము తట్టెను! పన్నెండేండ్లకే మద్రాసు మెట్రిక్యులేషనులో నెగ్గెను.

1895లో నిజాం ప్రభువు ఇచ్చిన వేతనముతో, పదునారేండ్ల ప్రాయమున, ఆమె ఇంగ్లండు వెళ్లెను. లండనులో కింగ్స్ కళాశాల, తరువాత కేంబ్రిడ్జిలో గర్టన్ కళాశాల. ఆరోగ్యము సరిపడలేదు, 1898లో మరలి వచ్చెను. పట్టా లేదు. కేంబ్రిడ్జి 1948 వరకు స్త్రీలకు పట్టా ఇయ్యనే లేదని కూడ చదువరులు గమనింతురుగాక.

అక్కడ ఆమెకు దొరికినది వేరొకటి. ఇంగ్లీషు పక్షులను, ఇంగ్లీషు కొండలను గూర్చి తాను వ్రాసిన పద్యములను ఎడ్మండ్ గాస్ అను విమర్శకునికి చూపెను. ఆయన వాటిని మెచ్చలేదు. అనుకరణ మాని తన దేశమును, తన జనులను గూర్చి వ్రాయుమని హితవు చెప్పెను. ఆ వయస్సులో అది ఎంత చేదుగా నుండెనో! ఆమె కోపగింపక వినెను. కల్దీయుల విద్య నేర్చియు దానియేలు తన జనులను మరువలేదని మనమెరుగుదుము. ఈమెకు తన జనులను జ్ఞాపకము చేసినవాడు పరదేశియే. 1905లో వెలువడిన ఆమె మొదటి పెద్ద పుస్తకములో పల్లకి మోయువారు, జాలరులు, నేతగాండ్రు కనబడుదురు.

తిరిగి వచ్చిన యేటనే, కులభేదము లెక్కింపక, వైద్యుడైన గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. 1925లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలు, 1947లో సంయుక్త రాష్ట్రముల గవర్నరు. 1949 మార్చి 2న లక్నోలో మరణించెను.

ఆ పుస్తకము పేరే హైదరాబాదులోని వారి ఇంటికిని నిలిచినది: గోల్డెన్ థ్రెషోల్డ్, అనగా బంగారు గడప. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆ ఇంటనే ఆరంభమైనది. తరువాత గచ్చిబౌలికి మారిన ఆ విశ్వవిద్యాలయమునకు ఇప్పుడు పరదేశపు పిల్లలు చదువుకొనుటకు వచ్చుచున్నారు.